వృక్షపదార్థాల మార్పిడిలో ఎంజైమ్‌లు, కిణ్వనం

గింజ, గడ్డి, పిప్పి, గుజ్జు, నార. మొక్కల నుంచి వచ్చే ఇలాంటి పదార్థాలను ఎంజైమ్‌లతో విడగొట్టి, సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి ఆహారంగా, రంగుగా, మందుగా, ఇంధనంగా, ప్లాస్టిక్‌గా మార్చుకునే పద్ధతుల సమూహం ఇది. ఎంజైమ్ జీవకణాలు తయారుచేసుకునే ప్రోటీను. తాను ఖర్చుకాకుండా ఒక నిర్దిష్టమైన రసాయన చర్యను వేగవంతం చేస్తుంది. ఈస్టు, బ్యాక్టీరియా, బూజు వంటివి చక్కెరలను తిని ఆల్కహాలు, ఆమ్లాలు, వాయువులు విడిచిపెట్టడం కిణ్వనం. మొదటిది పెద్ద అణువును ముక్కలు చేస్తే, రెండోది ఆ ముక్కలతో కొత్త పదార్థం తయారుచేస్తుంది. కుండలో పులిసే గంజిలోనైనా వందల కోట్లు పెట్టి కట్టిన ఇథనాల్ కర్మాగారంలోనైనా ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి.

ఈ రంగం చరిత్ర చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. మంచి ధర పలికే సరుకు తయారీలో ఎంజైమ్ కొద్దిపాటి సాయం చేసిన చోటల్లా నిలదొక్కుకుంది. గడ్డి లాంటి మొండి పదార్థం నుంచి పెట్రోలుతో పోటీపడే చవక ఇంధనం తీయమన్న చోట మాత్రం పదేపదే తడబడింది. దీనికి సగం కారణం మొక్క కణాల గోడ నిర్మాణం. మిగతా సగం, మోపు పొలం నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా రావడానికయ్యే ఖర్చు.

మొక్కలో చక్కెర ఎక్కడుంటుంది

మొక్క తాను తయారుచేసుకున్న గ్లూకోజును ప్రధానంగా రెండు రూపాల్లో ఉంచుకుంటుంది. గింజలోనూ దుంపలోనూ ఉండేది పిండిపదార్థం. అది మొలక వచ్చే రోజు కోసం దాచిన తిండి కాబట్టి సులువుగా కరగాలి. అందుకే మొలకెత్తే గింజ అమైలేజ్ అనే ఎంజైమ్‌ను విడుదల చేసి దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. కాండంలోనూ ఆకులోనూ ఉండే సెల్యులోజు కూడా గ్లూకోజు గొలుసే, కాకపోతే అణువులను కలిపే లంకె తిరిగిన దిక్కు వేరు. పిండిపదార్థంలో ఆల్ఫా లంకెల వల్ల గొలుసు మెలితిరిగి వదులుగా ఉంటుంది. సెల్యులోజులో బీటా లంకెల వల్ల గొలుసులు సూటిగా సాగి, పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుని స్ఫటికంలా గట్టిపడతాయి. మనిషి అన్నం అరిగించుకోగలిగి గడ్డి అరిగించుకోలేకపోవడం ఈ తేడా వల్లనే.

ఎండిన గడ్డి బరువులో సెల్యులోజు సుమారు 35–45 శాతం. మరో 20–30 శాతం హెమిసెల్యులోజు. ఇందులో జైలోజు అనే ఐదు కార్బన్ల చక్కెర ఎక్కువ. ఈ రెంటినీ పట్టుకుని, ఇటుకల మధ్య సిమెంటులా లిగ్నిన్ ఉంటుంది. లిగ్నిన్ చక్కెర కాదు, పులియదు, నీటిని దగ్గరికి రానివ్వదు. పైగా వచ్చిన ఎంజైమ్‌ను తన ఒంటికి అంటించుకుని పనికిరాకుండా చేస్తుంది. వరిగడ్డిలో వీటికి తోడు సిలికా దండిగా ఉంటుంది. పండ్ల గుజ్జులోనూ నార మొక్కల బెరడులోనూ కణాలను అతికించి ఉంచేది పెక్టిన్. ఏది ఎక్కడుందో తెలిస్తే ఏ ఎంజైమ్ కావాలో తేలిపోతుంది. పిండికి అమైలేజ్, సెల్యులోజుకు సెల్యులేజ్, హెమిసెల్యులోజులోని జైలాన్‌కు జైలనేజ్, పెక్టిన్‌కు పెక్టినేజ్. లిగ్నిన్‌ను బాగా తినగలిగేవి మాత్రం మొద్దులను తెల్లగా కుళ్లబెట్టే కొన్ని శిలీంధ్రాలు. అవి వారాలు, నెలల తరబడి తీరిగ్గా తింటాయి. కర్మాగారం అంతకాలం ఆగలేదు.

శాస్త్రానికి ముందున్న విద్యలు

తెలుగు ఇళ్లలో ఒకప్పుడు తరవాణి కుండ ఉండేది. గంజిలో, మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. కుండను పూర్తిగా ఖాళీ చేయకుండా రోజూ కొత్త గంజి కలపడమంటే ఉన్న బ్యాక్టీరియాకే కొత్త మేత వేసి సాకడం. ఇడ్లీ పిండిని పొంగించేది ఈస్టు అనుకుంటారు గానీ అందులో ముఖ్యమైన పని ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియాది. తాటి, ఈత చెట్ల నీరాలోని చక్కెరను ఈస్టులు, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కలిసి కొన్ని గంటల్లోనే కల్లుగా మారుస్తాయి. నీరాను నీరాగా ఉంచాలనుకుంటే కుండ లోపల సున్నం పూస్తారు. ఆ క్షారంలో ఈ జీవులు పెరగలేవు. ఆదిలాబాద్ గోండుల ఇప్పసారా కూడా ఈ కోవలోదే. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. వీటన్నిటిలోనూ చక్కెర సిద్ధంగానో, సులువుగా కరిగే పిండిగానో ఉంటుంది. గింజ పిండిని పెద్ద ఎత్తున చక్కెరగా మార్చడానికి ఐరోపావాళ్లు మొలకెత్తించిన బార్లీని వాడుకుంటే, చైనా, జపాన్ వాళ్లు ఉడికించిన బియ్యం మీద ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజును పెంచారు. సాకే, సోయా సాస్ పుట్టింది ఆ బూజు నుంచే.

తిండి కాని సరుకుల్లో గోగునార ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులు గోగు కట్టెలను మోపులు కట్టి చెరువు నీళ్లలో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. నీటిలోని బ్యాక్టీరియా ముందుగా బెరడులోని పెక్టిన్‌ను తినేస్తుంది, నార కట్టె నుంచి వదులవుతుంది. అక్కడ ఆపకపోతే మిగతా జీవులు నార మీద కూడా పడతాయి, దాని బలం పోతుంది. తొందరపడి తీస్తే బెరడు అంటుకునే ఉంటుంది. రోజూ ఒక కట్టె తీసి, బెరడు లాగి చూసి రైతు చెప్పే తీర్పును మించిన పరికరం ఇప్పటికీ చెరువు గట్టుకు రాలేదు.

రెండోది నీలిమందు, ఇది మరింత చిత్రమైనది. కడప సీమ ఒకప్పుడు దీనికి పేరుపొందిన ప్రాంతం. నీలి మొక్క ఆకులో నీలం రంగు ఉండదు. గ్లూకోజుకు అతుక్కుని ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. కోసిన మొక్కలను తొట్టిలో నీళ్లలో నానబెడితే ఆకులోని బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైమ్ ఆ గ్లూకోజును విడదీస్తుంది. తొట్టిలో పెరిగే బ్యాక్టీరియా కూడా ఆ పనికి తోడవుతుంది. మిగిలిన ఇండాక్సిల్ పచ్చటి నీటిలో కరిగి ఉంటుంది. ఆ నీటిని కింది తొట్టిలోకి వదిలి, కూలీలు అందులో దిగి గంటల తరబడి తెడ్లతో బాదేవారు. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇండాక్సిల్ అణువులు జంటకట్టి నీలంగా మారి అడుగుకు దిగుతాయి. ఆ మడ్డిని కాచి, వడగట్టి, బిళ్లలుగా కోసి ఎండబెట్టేవారు.

కథ అక్కడితో అయిపోదు. నీలిమందు నీటిలో కరగదు కాబట్టి బట్టకు నేరుగా అంటదు. అద్దకంవాళ్లు దాన్ని సున్నంతో, ఉడికించిన తగిరిస గింజలతో కలిపి తొట్టిలో మళ్లీ పులియబెట్టేవారు. ఈసారి బ్యాక్టీరియా నీలాన్ని క్షయకరణం చేసి కరిగే రూపంలోకి తెస్తుంది. ముంచి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. అంటే ఒకే రంగు కోసం ఒక ఎంజైమ్ చర్య, ఒక ఆక్సీకరణ, ఒక కిణ్వనం, మళ్లీ ఒక ఆక్సీకరణ. రసాయన శాస్త్రం పేరు వినని మనుషులు ఈ నాలుగు మెట్లనూ వరుస తప్పకుండా నడిపారు. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందును అమ్మకానికి తెచ్చాక రెండు దశాబ్దాలు తిరగకుండానే నీలి తోటల వ్యాపారం కుప్పకూలింది.

పరిశోధనశాలలోకి

1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్చాఫ్ పిండిని ఆమ్లంతో కాచి చక్కెర చేశాడు. 1819లో ఫ్రాన్స్‌లో బ్రాకొనో గంధకామ్లంతో నార గుడ్డ పీలికల నుంచి చక్కెర తీశాడు. గడ్డి నుంచి చక్కెర అనే ఆశకు అంత వయసుంది. 1833లో పాయెన్, పెర్సో మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని కరిగించే పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అన్నారు. పులియడానికి సూక్ష్మజీవులే కారణమని 1857 నుంచి పాశ్చర్ నిరూపిస్తూ వచ్చాడు. 1897లో బుక్నర్ ఈస్టును నలిపి, బతికున్న కణం ఒక్కటీ లేని రసంతోనే చక్కెరను ఆల్కహాలుగా మార్చి చూపించి, 1907లో నోబెల్ అందుకున్నాడు. పనిచేసేది కణంలోని ఎంజైమ్ అయితే దాన్ని బయటికి తీసి సీసాలో అమ్ముకోవచ్చు. జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి టకమినె అంతకు మూడేళ్ల ముందే ఆ పని చేశాడు. 1894లో గోధుమ తవుడు మీద ఆస్పర్‌జిల్లస్ బూజును పెంచి, దాని నుంచి తీసిన అమైలేజ్‌కు అమెరికాలో పేటెంటు పొందాడు. నేటి ఎంజైమ్ పరిశ్రమకు అదే మొదలు.

కిణ్వనంలో ఫాస్ఫేటు పాత్రను 1900ల మొదట్లో హార్డెన్ గమనించాడు. ఆ ఫాస్ఫేటును కొలిచే నమ్మకమైన పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ఇచ్చినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణాలలో శక్తిని మోసే ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్క్–సుబ్బారావులు విడివిడిగా కనుగొన్నారు. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మార్చేది మన కోసం కాదు, ఆ ఏటీపీ కోసం.

పిండి నుంచి సరుకులు

ఈ రంగంలో నిజంగా పెద్ద వ్యాపారం పిండిదే. మొక్కజొన్న పిండి జావను వంద డిగ్రీలు దాటిన ఆవిరితో ఉడికిస్తూ వేడికి తట్టుకునే ఆల్ఫా అమైలేజ్ కలిపితే నిమిషాల్లో పలచబడుతుంది. ఆ ఎంజైమ్ ఇచ్చేది బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా. తర్వాత 60 డిగ్రీల దగ్గర ఆస్పర్‌జిల్లస్ నైగర్ బూజు ఇచ్చే గ్లూకోఅమైలేజ్ గొలుసు చివరి నుంచి ఒక్కో గ్లూకోజునూ తెంపుతుంది. ఇక్కడి నుంచి దారులు చీలతాయి. గ్లూకోజ్ ఐసోమరేజ్ అనే మూడో ఎంజైమ్‌ను గుళికలకు అంటించి గొట్టంలో నింపి దాని మీదుగా గ్లూకోజు పాకాన్ని పారిస్తే అందులో 42 శాతం ఫ్రక్టోజుగా మారుతుంది. ఈ పాకం 1960ల చివర్లో మార్కెట్లోకి వచ్చి అమెరికా శీతల పానీయాల్లో పంచదార స్థానాన్ని ఆక్రమించింది. ఈస్టుకు వేస్తే అదే గ్లూకోజు ఇథనాల్ అవుతుంది. 100 గ్రాముల గ్లూకోజుకు సిద్ధాంతం ప్రకారం 51 గ్రాముల ఇథనాల్, 49 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. సగం బరువు గాలిలో కలిసిపోవడం ఇంధన ఇథనాల్ లెక్కల్లో ఎవరూ తప్పించలేని మొదటి నష్టం.

ఇదే చక్కెరతో ఇథనాల్ కంటే ధర పలికేవి చాలా చేయవచ్చు. 1917లో జేమ్స్ కర్రీ ఆస్పర్‌జిల్లస్ నైగర్‌ను చక్కెర ద్రావణంలో పెంచి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం తీయవచ్చని చూపించాడు. ఫైజర్ కంపెనీ దాన్ని అందిపుచ్చుకుని బ్రూక్లిన్‌లో తయారీ మొదలుపెట్టాక ఇటలీ నిమ్మతోటల గుత్తాధిపత్యం పోయింది. నేడు శీతల పానీయాల్లో, మాత్రల్లో కలిసే సిట్రిక్ ఆమ్లం దాదాపు మొత్తం బూజు చేసిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో మాంచెస్టర్‌లో పనిచేస్తున్న ఖైమ్ వైజ్‌మన్ పిండిని ఎసిటోన్, బ్యూటనాల్‌గా మార్చే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. తుపాకీ మందు తయారీకి ఎసిటోన్ కావాలి. 1917లో మొక్కజొన్న కరువై, హార్స్ చెస్ట్‌నట్ చెట్ల కింద రాలిన గింజలను బ్రిటన్ బడిపిల్లల చేత ఏరించారు. వైజ్‌మన్ తర్వాత ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడయ్యాడు. కిణ్వన శాస్త్రం నుంచి దేశాధినేత పదవికి వెళ్లినవాడు నాకు తెలిసి మరొకరు లేరు. 1941లో అమెరికాలోని పియోరియా పరిశోధనశాలలో పెన్సిలిన్ దిగుబడిని ఒక్కసారిగా పెంచింది కూడా మొక్కజొన్నను నానబెట్టగా మిగిలిన నీరే.

గడ్డి నుంచి ఇంధనం

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లోని సోలమన్ ద్వీపమాలలో అమెరికా సైన్యం గుడారాలు, నూలు సామగ్రి చివికిపోసాగాయి. కారణం వెతకగా బూగన్‌విల్ దీవిలో చివికిన గుడ్డ నుంచి ఒక ఆకుపచ్చ బూజు దొరికింది. నేటిక్‌లోని సైనిక పరిశోధనశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. గుడ్డను కాపాడటానికి మొదలైన పని గుడ్డను చక్కెరగా మార్చే పనిగా మారింది. 1977లో ఆ బూజుకు రీస్ పేరిట ట్రైకోడెర్మా రీసై అని నామకరణం చేశారు. నేటి పారిశ్రామిక సెల్యులేజ్‌లో అధిక భాగం ఆ ఒక్క దీవి బూజు సంతతి నుంచే వస్తోంది. మెరుగుపరచిన రకాలు లీటరు ద్రవంలోకి 100 గ్రాములకు పైగా ప్రోటీనును వదలగలవు.

సెల్యులేజ్ ఒక ఎంజైమ్ కాదు, ఒక జట్టు. ఒకటి గొలుసును మధ్యలో తెంపుతుంది, ఇంకొకటి చివరల నుంచి రెండేసి గ్లూకోజులను లాక్కుంటూ పోతుంది, మూడోది ఆ జంటలను విడదీస్తుంది. స్ఫటికంలా బిగుసుకున్న భాగాన్ని ఆక్సీకరణతో కోసే మరో రకం ఎంజైమ్‌లున్నాయని 2010లో నార్వే శాస్త్రవేత్తలు బయటపెట్టారు; అవి కలిశాక ఎంజైమ్ మోతాదు బాగా తగ్గింది. అయినా పచ్చిగడ్డి మీదో ఎండుగడ్డి మీదో నేరుగా పోస్తే ఈ జట్టు చేసేది అంతంతమాత్రమే. ముందు గడ్డిని 160–220 డిగ్రీల ఆవిరితో ఉడికించి ఒక్కసారిగా ఒత్తిడి తీసేయాలి, లేదా పలుచని ఆమ్లంతోనో అమ్మోనియాతోనో లిగ్నిన్ పట్టు సడలించాలి. అలా ఉడికించేటప్పుడు కొంత చక్కెర మాడి ఫర్‌ఫ్యురాల్ వంటి పదార్థాలుగా మారుతుంది. అవి ఈస్టుకు విషం.

అడ్డంకులు ఇంకా ఉన్నాయి. సెల్యులేజ్‌కు 50 డిగ్రీలు నచ్చుతుంది, ఈస్టుకు 30–35. రెంటినీ ఒకే తొట్టిలో పెడితే ఎవరో ఒకరు ఇబ్బంది పడాలి. మామూలు ఈస్టు జైలోజును ముట్టదు, అంటే గడ్డిలోని చక్కెరలో మూడో వంతు దాకా వృథా. 1990ల నుంచి జన్యుమార్పిడి చేసిన ఈస్టులతో ఈ చిక్కు చాలావరకు తీరింది. ప్రయోగశాలలో ఇన్ని సమస్యలు తీరాక ఫ్యాక్టరీలు లేచాయి. ఇటలీలో క్రెషెంటీనో 2013లో, అమెరికాలో ఎమ్మెట్స్‌బర్గ్, హ్యూగోటన్ 2014లో, డ్యూపాంట్ వారి నెవాడా కర్మాగారం 2015లో. 2019 ముగిసేసరికి నాలుగూ ఆగిపోవడమో చేతులు మారడమో జరిగింది. రుమేనియాలో క్లారియంట్ సంస్థ కట్టిన ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల గడ్డి కర్మాగారాన్ని 2023 డిసెంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించింది.

ఇన్ని మూతలకు ఎంజైమ్ ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. గడ్డితో పాటు వచ్చే మట్టీ ఇసుకా యంత్రాలను అరగదీశాయి. ఏడాదికొకసారి కొద్ది వారాల్లో వచ్చే పంటను ఏడాది పొడవునా నిల్వ చేయాలి. కట్టల గుట్టలకు నిప్పంటుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ముడిచమురు ధర 2014 తర్వాత పడిపోయింది. టన్ను గడ్డి లారీలో ఎంత చోటు తింటుందో, అదే టన్ను మొక్కజొన్న ఎంత చోటు తింటుందో చూసిన లారీ డ్రైవరుకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారత్‌లో పెట్రోలులో ఆల్కహాలు కలపాలన్న ఆలోచన కొత్తది కాదు; పవర్ ఆల్కహాల్ చట్టం 1948లోనే వచ్చింది. 2018 జీవ ఇంధన విధానం తర్వాత వేగం పెరిగి, 2022 జూన్‌కు 10 శాతం, 2025కు 20 శాతం మిశ్రమం సాధ్యమైంది. అయితే ఇదంతా చెరకు నుంచి, గింజ నుంచి వచ్చింది. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్లు, టన్ను నూకల నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2023–24 నాటికి మొక్కజొన్న అతిపెద్ద ముడిసరుకైంది. దాంతో మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, కోళ్ల దాణా ధర పెరిగిందని పౌల్ట్రీ రైతులు మొరపెట్టుకున్నారు. కోళ్ల పరిశ్రమ ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇది నేరుగా తగిలే విషయం. మరోవైపు తెలంగాణలో ఇథనాల్ ఫ్యాక్టరీలు నీటినీ గాలినీ పాడుచేస్తాయన్న భయంతో ఊళ్లు కదిలాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఆందోళనలు నడిచాయి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కాక పనులు ఆపమని ప్రభుత్వం ఆదేశించింది. కిణ్వనం చేసిన ద్రవంలో ఇథనాల్ పదిహేను శాతం దాటడం అరుదు, మిగతాది నీరూ మడ్డీ. ఆ మడ్డిని పూర్తిగా ఆవిరిచేసి దాణాగా మారుస్తామన్న హామీ కాగితం మీద ఉంటే చాలదు. వాసన వస్తున్నదీ లేనిదీ ఊరివాళ్లకే తెలుస్తుంది.

గడ్డి వైపు మన దేశంలో మొదటి పెద్ద అడుగు హర్యానాలోని పానిపట్‌లో పడింది. 900 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో ఇండియన్ ఆయిల్ కట్టిన కర్మాగారాన్ని 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ దాని లక్ష్యం. అక్కడి రైతులు తగలబెట్టే గడ్డికి అది ఒక దారి. మన దగ్గర వరిగడ్డికి పశువులనే కొనుగోలుదారు ముందే ఉంది కాబట్టి పానిపట్ లెక్కను గోదావరి డెల్టాకు యథాతథంగా తెచ్చి అతికించలేం.

చప్పుడు చేయని విజయాలు

ఎంజైమ్ పేరు బయటికి రాకుండా బాగుపడిన సరుకులు చాలా ఉన్నాయి. దేశంలో కోకో ఉత్పత్తిలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన కోకో పెరుగుతుంది. కాయ కోసి, గుజ్జుతో సహా గింజలను పెట్టెల్లో పోసి కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. మొదట ఈస్టులు గుజ్జులోని చక్కెరను ఆల్కహాలు చేస్తాయి, లాక్టిక్ బ్యాక్టీరియా వంతూ అందులో ఉంటుంది. మధ్యలో తిరగబోసినప్పుడు గాలి తగిలి ఎసిటిక్ బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును ఆమ్లంగా మారుస్తుంది, కుప్ప 45–50 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆ వేడికీ ఆమ్లానికీ గింజలోని మొలక చచ్చిపోయి, గింజలోని సొంత ఎంజైమ్‌లు బయటపడి, ప్రోటీనునూ చక్కెరనూ విడగొడతాయి. వేయించినప్పుడు చాక్లెట్ వాసన పుట్టేది ఆ ముక్కల నుంచే. పులియబెట్టని కోకో గింజను ఎంత వేయించినా చాక్లెట్ రుచి రాదు. రైతు చేతిలోని ఐదారు రోజులే ధరను నిర్ణయిస్తాయి. అరకు కాఫీలో పండు తొక్క తీశాక గింజకు అంటుకున్న జిగురును వదిలించడానికి పులియబెట్టడం కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడి లక్ష్యం పెక్టిన్.

చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జును గుజ్జుగానే అమ్మితే ఎంజైమ్ అక్కర్లేదు. తేట రసం కావాలంటే పెక్టినేజ్ తప్పదు. వరి తవుడులో ఎంజైమ్ మొదట శత్రువు: మిల్లు ఆడిన గంటల్లోనే అందులోని లైపేజ్ నూనెను విడగొట్టి పుల్లబరుస్తుంది, అందుకే తవుడును వెంటనే వేడిచేస్తారు. ఆ నూనెను శుద్ధి చేసేటప్పుడు మాత్రం ఫాస్ఫోలైపేజ్ అనే మరో ఎంజైమ్ మిత్రుడవుతుంది. నూనెలో కరిగి వదలని జిగురును నీటిలోకి వెళ్లేలా మారుస్తుంది. ఈ పద్ధతిని వరి తవుడు నూనెకు అనువుగా తీర్చిదిద్ది పరిశ్రమకు అందించింది హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఐఐసీటీ. జీన్స్ గుడ్డను ప్యూమిస్ రాళ్లతో రుద్దే పనిని 1980ల చివర్లో సెల్యులేజ్ తీసుకుంది. కాగితపు గుజ్జును తెల్లబరచడానికి వాడే క్లోరిన్ రసాయనాలను జైలనేజ్ తగ్గించింది. గడ్డిని ఇంధనంగా మార్చలేక అవస్థపడిన ఎంజైమ్‌లే ఈ చివరి రెండూ. ఇక్కడ అడిగింది తక్కువ, ఇచ్చింది చాలు.

మేత, వాయువు

మొక్కజొన్న చొప్పను ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూసి పెడితే లాక్టిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ 4 దగ్గరికి దిగి, నెలల తరబడి చెడని పాతర గడ్డి తయారవుతుంది. ఎండు వరిగడ్డికి వేరే చిట్కా ఉంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా కలిపిన నీళ్లు చల్లి, మూడు వారాలు కప్పి ఉంచుతారు. గడ్డి మీది బ్యాక్టీరియాలోని యూరియేజ్ ఎంజైమ్ యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఆ అమ్మోనియా లిగ్నిన్ పట్టు సడలిస్తుంది. కోట్ల రూపాయల ఫ్యాక్టరీ ఒత్తిడి పాత్రలో చేసే పనినే రైతు టార్పాలిన్ కింద చేస్తున్నాడన్నమాట. మిగతాది పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు చూసుకుంటాయి. ఈ యూరియేజ్‌నే తమ్మకాయ జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి 1926లో స్ఫటికాలుగా తీసి, ఎంజైమ్ ప్రోటీనేనని సమ్నర్ నిరూపించాడు.

తడి వ్యర్థానికి బయోగ్యాస్‌ను మించింది లేదని నా అభిప్రాయం. ఆరబెట్టనక్కర్లేదు, ఒకే రకం పదార్థం కావాలన్న పట్టు లేదు, ప్రత్యేకంగా ఎంజైమ్ కొననక్కర్లేదు. రకరకాల సూక్ష్మజీవులు గాలి లేని చోట మెట్టుమెట్టుగా పదార్థాన్ని ఆమ్లాలుగా, చివరికి మీథేన్‌గా మారుస్తాయి. మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల దాకా చెత్త నుంచి 500 యూనిట్ల వరకు కరెంటు తీసేలా ఐఐసీటీ పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటును 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు.

కొత్త సరుకులు

అమెరికాలోని నెబ్రాస్కాలో 2002లో మొదలైన కర్మాగారం మొక్కజొన్న గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా పులియబెట్టి, దాన్ని పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌గా మారుస్తోంది. టెన్నెసీలో 2006 నుంచి జన్యుమార్పిడి చేసిన బ్యాక్టీరియా అదే గ్లూకోజును ప్రొపేన్‌డయాల్‌గా మార్చి తివాచీల నూలుకు ముడిసరుకు ఇస్తోంది. ఈ రెండూ మొదలైంది పిండి నుంచేనన్నది మరిచిపోకూడదు. లిగ్నిన్‌కు మాత్రం ఇంకా సరైన గిరాకీ దొరకలేదు. చాలా కర్మాగారాలు దాన్ని బాయిలర్లో కాల్చి ఆవిరి చేసుకుంటున్నాయి.

అస్సాంలోని నుమాలీగఢ్ వద్ద 2025 సెప్టెంబరులో ప్రారంభమైన కర్మాగారం ఏడాదికి సుమారు 5 లక్షల టన్నుల పచ్చి వెదురును తీసుకుంటుంది. ఇథనాల్‌తో పాటు ఎసిటిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యురాల్ కూడా అమ్మడం దాని ప్రణాళిక. మిగతా చోట్ల ఈస్టును చంపే మలినంగా చూసిన ఫర్‌ఫ్యురాల్ ఇక్కడ ధర పలికే సరుకు. ఇంధనం ఒక్కటే అమ్ముకునే ఫ్యాక్టరీ కంటే మూడు నాలుగు సరుకులు అమ్మే ఫ్యాక్టరీకే బతికే అవకాశం ఎక్కువ. గడ్డి ఇథనాల్ మీద పెట్టిన ఆశలు ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే పానిపట్ ఎన్ని లీటర్లు తీసిందన్నదొక్కటే కాక, నుమాలీగఢ్ ఇథనాల్ కాకుండా ఇంకేమి అమ్మిందన్నది కూడా చూడాలి.